తీసుకో, అయిపోయింది

మే 28

మనవరాలికి,

అమ్మమ్మ చెబుతోంది, కింద వాటాలో గడియారాలు బాగుచేసే ఆయన రాస్తున్నాడు. నీ క్షేమం ఆఖర్న అడుగుతాను, ముందు నా గొడవ విను. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్‌లో నా మాట సగంలో ఉండగానే నువ్వు సలహా మొదలెడతావు. ఉత్తరమైతే నోరు మూసుకుని చివరిదాకా చదవాలి.

నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు.

అవును, నన్నే. ఆసుపత్రి కుట్టు గదిలో ముప్పయ్యొక్క ఏళ్లుగా అదే కిటికీ పక్కన, అదే మిషను ముందు కూర్చున్న నన్ను. సోమవారం పొద్దున కొత్త ఆఫీసరమ్మ వచ్చింది. ఆవిడకు మన మాట చెవికెక్కుతుంది గానీ నోటికి రాదు. ఎత్తుమడమల చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చి, ఐదు మిషన్ల మధ్య నిలబడి, చేతిలో కాయితం చూసి గడగడా ఇంగ్లీషు చదివింది. అందులో నాకు చిక్కిన ముక్కలు రెండే. ‘జూలై ఫస్ట్’ ఒకటి. ‘టేక్ ఓవర్’ ఒకటి. ఆ రెండోది అన్నప్పుడు సరిగ్గా నా మొహంలోకి చూసింది.

టేక్ అంటే తీసుకో. మందులిచ్చే కిటికీ దగ్గర రోజూ వింటాను. ఓవర్ అంటే అయిపోయింది. గడియారాలాయన్ని అడిగితే ఆయనా అదే అన్నాడు. ఆరు బంతులు పడగానే ఓవర్ అంటారు, అంటే అయిపోయిందనేగా అన్నాడు. మరింక అనుమానం ఏముంది? ‘జూలై ఒకటి నుంచి నీ సామాను తీసుకో, నీ పని అయిపోయింది.’ ఎంత మర్యాద చూడు! కూర్చోమ్మా అనలేదు, ఇన్నేళ్లు చేశావమ్మా అనలేదు.

తీసుకోమంది కదా, ఒకటో తారీకు దాకా ఎందుకని అప్పుడే తీసుకున్నాను. ఐదు మిషన్ల బాబిన్ కేసులూ ఊడదీసి సంచిలో వేసుకుని ఇంటికి వచ్చేశాను. బొటనవేలంత ఉంటాయి గానీ అడుగు దారం పట్టి ఉంచేది అవే. అవి లేకుండా ఎంత తొక్కినా సూది గుడ్డకు చిల్లులు పెడుతుంది తప్ప కుట్టు పడదు. తొక్కుకోమను, ఆవిణ్ణే.

నువ్వు అక్కడ ఇంగ్లీషు టీచరు చదువు చదువుతున్నావు. నా తరఫున ఒక కాయితం రాయి. చదివినవాడికి చెమట పట్టాలి.

వేళకు తింటున్నావా? చిక్కిపోతే ఊరుకోను.

మీ అమ్మమ్మ వేలిముద్ర పక్కనుంది.

రాసినవాడి మనవి: ఆ బాబిన్ కేసులు తిరిగి ఇచ్చెయ్యమని నేను చెప్పి చూశాను. ఇది రాయొద్దంది. రాశాను.

జూన్ 2

అమ్మమ్మా,

నువ్వు చెప్పినట్టే నోరు మూసుకుని చివరిదాకా చదివాను. ఆ తర్వాత మూసుకోవడం నావల్ల కాలేదు. మెట్ల మీద కూర్చుని నవ్వుతుంటే హాస్టల్ అమ్మాయిలు నాకు పరీక్షల పిచ్చి పట్టిందనుకున్నారు.

నిన్నెవరూ తీసెయ్యలేదు. ఇంగ్లీషులో ఒక తమాషా ఉంది. పెద్ద మాట పక్కన ఒక చిన్న మాట వచ్చి అంటుకుంటుంది. అంటుకోగానే పెద్ద మాట గుణమే మారిపోతుంది. రెంటినీ విడదీసి అర్థం వెతికితే ఏమీ దొరకదు. జేబు కుట్టు విప్పి జేబు ఎక్కడుందని వెతికితే దొరుకుతుందా? గుడ్డముక్క మిగులుతుంది. అలాగే టేక్ వేరు, ఓవర్ వేరు, టేక్ ఓవర్ వేరు. టేక్ ఓవర్ అంటే ఒకరి చేతిలో ఉన్న పనిని ఇంకొకరు తమ చేతిలోకి తీసుకోవడం, బాధ్యత అందుకోవడం.

మీ సూపర్‌వైజరమ్మ పోయిన నెల పని మానేసిందని రాయించావుగా. ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఆఫీసరమ్మ నీ మొహంలోకి చూసి ఆ మాట అంది. ఇంకేం కావాలి? జూలై ఒకటి నుంచి కుట్టు గదికి నువ్వే పెద్దవి!

ఈ ఉత్తరం అందగానే ఆ బాబిన్ కేసులు తీసుకెళ్లి ఇచ్చెయ్యి. పెద్దరికం వచ్చినవాళ్లు సంచిలో మిషను ముక్కలు పెట్టుకుని తిరగరు.

చిక్కిపోలేదు, ఒట్టు.

నీ మనవరాలు

జూన్ 7

ఒసే పిల్లా,

‘కుట్టు గది పెద్ద చెబుతోంది, రాసుకో’ అన్నాను గడియారాలాయనతో. మూతి ముడుచుకుని రాస్తున్నాడు. ఓవర్ అంటే అయిపోవడమేనని ఇప్పటికీ వాదిస్తున్నాడు, పట్టించుకోకు.

బాబిన్ కేసులు తీసుకెళ్లి బల్ల మీద వరసగా పెట్టాను. వారం రోజులుగా గది మూగపోయి ఉందట. కొత్తవి తెప్పించాలంటే మూడు సంతకాలు కావాలట. రెండు పడేలోగా నేనే తెచ్చాను, కనక నాకే దణ్ణం పెట్టాలి వాళ్లు.

ఇక నా ఏలుబడి మొదలు. గోడవైపున్న మిషన్లను వెలుతురుకు తిప్పించాను. బొత్తాలకు కాజాలు కుట్టే పిల్లకు కబుర్లు ఎక్కువ, దాన్ని తెచ్చి నా కళ్లెదుట కూర్చోబెట్టాను. ‘ఎప్పుడు పెద్దవయ్యావు పిన్నీ, మాకెవరూ చెప్పలేదే?’ అంది. ‘నీకు చెప్పి చేస్తారటే? ముందు ఆ కాజా అంచు సరిగ్గా తిప్పు’ అన్నాను. తల వంచుకుని అంచు తిప్పింది.

శుక్రవారం ఆఫీసరమ్మ వచ్చి, తారుమారైన గదిని చూసి నిలబడిపోయింది. ‘హౌ డు దే పుట్ అప్ విత్ యు’ అంది. నాలుగుసార్లు నాలో నేను అనుకుని గుర్తుపెట్టుకున్నాను. పుట్ అంటే పెట్టు. అప్ అంటే పైకి, లిఫ్టులో వింటున్నాంగా. యు అంటే నువ్వు. నువ్వే పైన పెట్టు అని నాకర్థమైంది. సరే, పెద్దరికానికి మొదటి పని చెప్పింది కదా అని, నిచ్చెన వేసుకుని నూట నలభై దుప్పట్లు ఒక్కదాన్నే అటక మీదకు ఎక్కించాను. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని వెళ్లిపోయింది. ఈ వయసులో ఇంత ఓపికా అనుకుని ఉంటుంది.

ఇంకో సంగతి. ఎవరో కోటు మనిషి టేపు పట్టుకుని వచ్చి గది కొలిచాడు. నా గది పెద్దది చేస్తారు కాబోలు. ఫోన్‌లో ఎవరితోనో ‘వుయ్ ఆర్ టేకింగ్ ఓవర్’ అంటున్నాడు. అది నా మాట కదా, వాడికెందుకు? ఒక గదికి ఎంతమంది పెద్దలే?

అమ్మమ్మ. వేలిముద్ర ఈసారి గట్టిగా వేశాను చూడు.

జూన్ 11

అమ్మమ్మా,

ఈసారి నవ్వలేదు.

ముందు చిన్న సంగతి. పుట్ అప్ విత్ అంటే భరించడం. ‘వీళ్లంతా నిన్నెలా భరిస్తున్నారు’ అంది ఆవిడ. దుప్పట్ల ప్రసక్తే లేదు. నిచ్చెన ఎక్కకు, నీ మోకాళ్ల సంగతి నాకు తెలుసు.

ఇప్పుడు పెద్ద సంగతి. నేను పొరపాటు పడ్డాను. టేక్ ఓవర్ అంటే బాధ్యత అందుకోవడమే, అందులో తప్పు లేదు. కానీ ఎవరు అందుకుంటారు అన్నది నేను నిన్ను అడగలేదు. మనం మాట్లాడేటప్పుడు ఎవరు అన్నది వదిలేసి ‘రేపు వస్తారు’ అంటే సరిపోతుంది. ఇంగ్లీషులో ఆ ‘ఎవరు’ తప్పకుండా ఉంటుంది. నీ చెవిన పడ్డ రెండు ముక్కల ముందు ఆఫీసరమ్మ ఆ మాట చెప్పే ఉంటుంది. ఆ ఖాళీలో నేను నిన్ను కూర్చోబెట్టాను, నాకు ఇష్టం గనక. క్లాసులో ఈ పాఠానికి నాకు అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఏం లాభం?

ఆ కోటు మనిషి ‘మేం తీసుకుంటున్నాం’ అన్నాడు. బయటి కంపెనీ ఏదో మీ గదిని తన చేతిలోకి తీసుకుంటోందని నా భయం. రేపే వెళ్లి ఆఫీసరమ్మను మన మాటలోనే నిలదీసి అడుగు. ఆవిడ చెప్పేది ఇంగ్లీషు వచ్చిన నర్సమ్మ ఎవరి చేతనైనా తెలుగులో చెప్పించుకో. ముక్కలు ఏరుకోకు, మొత్తం విను.

నా మీద కోపం వస్తే ఉత్తరంలో తిట్టు. జవాబు మాత్రం మానకు.

నీ తెలివితక్కువ మనవరాలు

జూన్ 15

మనవరాలా,

తిట్టను. నువ్వు నన్ను కుర్చీలో కూర్చోబెట్టాలనుకున్నావు, అందులో తిట్టడానికేముంది? తొమ్మిది రోజులైనా కూర్చున్నాను.

నువ్వన్నదే నిజం. ఉతుకూ కుట్టూ రెండూ ఒక కంపెనీకి అప్పగిస్తున్నారు. చిరిగిన దుప్పటి పారేసి కొత్తది పంపుతారట. ఐదుగురం జూలై ఒకటిన ఇళ్లకు పోవాలట. నేను మొదటి రోజే అన్నాను తీసేశారని. ఇంత ఇంగ్లీషు చుట్టూ తిరిగి చివరికి నా తప్పు అర్థమే నిజమైంది. గడియారాలాయన ఇవాళ కాలు మీద కాలు వేసుకుని రాస్తున్నాడు.

సరే, నా వాదన చెబుతాను. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టి పెద్ద డాక్టరుకు పంపు. నీ మెత్తదనం ఇందులో కలపకు.

పెద్ద డాక్టరుగారికీ, ఆయన పక్కన కూర్చుని తలలూపేవాళ్లకీ. నేను బతిమాలడానికి రాయించడం లేదు, ప్రశ్న అడగడానికి రాయిస్తున్నాను. దుప్పటి ఎక్కడ చిరుగుతుందో మీలో ఎవరికైనా తెలుసా? నడుమ చిరుగుతుంది. మనిషి నడుమ పడుకుంటాడు గనక. అంచులు కొత్తగానే ఉంటాయి. మేం దాన్ని నిలువునా రెండు చేసి, అంచులు రెంటినీ నడుమకు తెచ్చి కలిపి కుడతాం. అరిగిన భాగం పక్కలకు పోయి పరుపు కిందకు మడతపడుతుంది. దుప్పటికి ఇంకో పుట్టుక.

మరి నడుమ కుట్టు వస్తుందే, నెలల తరబడి లేవలేని మనిషి వీపుకు అది ఒరుసుకోదా అని మీరు అడగాలి. అడగలేదు. నేనే అడుక్కున్నాను, ఇరవై ఏళ్ల కింద. అప్పట్నుంచి కుట్టు లేని దుప్పటి మూలన నీలి దారంతో ఒక ముడి వేస్తున్నాం. నీలి ముడి ఉంటే లేవలేనివాళ్ల మంచానికి. నర్సమ్మలకు చీకట్లో తడిమినా తెలుస్తుంది. ఇది ఏ కాయితంలోనూ లేదు, ఎందుకంటే నాకు రాయడం రాదు. మీ కంపెనీవాడు ఆ ముడిని వదులు పోగనుకుని కత్తిరించి పారేస్తాడు.

గౌన్లకు నాడాలు వెనక ఉండేవి. ఒక చేతికి సెలైను ఎక్కుతున్న మనిషి రెండో చేత్తో వీపు వెనక ముడి ఎలా వేసుకుంటుంది? ఒకావిడ గౌను జారిపోతుందని నడవకుండా, నడవకపోతే నయం కాదని తెలిసీ, మంచం మీదే కూర్చుని ఏడ్చింది. మర్నాడు నాడాలు పక్కకు మార్చాం. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మీ కంపెనీవాడు గౌన్లు లెక్కపెడతాడు. ఆ ఏడుపు వింటాడా?

మీ బుర్రలు మా ఉతుకు మిషనులో వేసి తిప్పాలి. ఇంతే నా వాదన.

అమ్మమ్మ

రాసినవాడి మనవి: రాస్తూ మధ్యలో రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకున్నాను. అక్కగారికి చెప్పొద్దు.

జూన్ 19

అమ్మమ్మా,

రాశాను, పంపాను. నాలుగుసార్లు చింపి అయిదోసారి రాశాను. మొదటి నాలుగూ నా ఇంగ్లీషు లాగా ఉన్నాయి. అయిదోది నీ నోరు లాగా ఉంది. నీలి ముడి సంగతి మా టీచరమ్మకు చదివి వినిపిస్తే ఆవిడ ఒక్క కామా కూడా ముట్టుకోలేదు.

బుర్రలు ఉతుకు మిషనులో వెయ్యడం మాత్రం వదిలేశాను. కోప్పడకు. మిగతాదంతా చదివితే వాళ్లకే తడుతుంది.

నిన్ను పిలుస్తారు. పక్కన నర్సమ్మను ఉంచుకో. నీకు తెలిసిన ముక్క వినపడినా సరే, ఆవిడ చెప్పేదాకా ఆగు. ఆగుతావా? నాకు నమ్మకం లేదు. అయినా అడుగుతున్నాను.

ఎదురుచూస్తూ,
మనవరాలు

జూన్ 26

మనవరాలా,

ఓడిపోయాం. అయినా విను, నీకు మొత్తం తెలియాలి.

నిన్న పదకొండింటికి పిలుపు. ఆఫీసు గుమాస్తా కాయితం ఇచ్చి ‘టర్న్ అప్’ అన్నాడు. అప్ అంటే పైకి అని ఇన్నాళ్లుగా తెలుసు, టర్న్ అంటే తిరుగు. తిరిగి పైకి. మెట్లు మలుపు తిరిగినప్పుడల్లా ఎక్కాను. నాలుగు అంతస్తులు. చివరికి నీళ్ల ట్యాంకుల పక్కన తేలాను. అక్కడ పైపు బిగిస్తున్న మనిషి ‘ఎవరు కావాలి పెద్దమ్మా?’ అన్నాడు. ‘పెద్ద డాక్టరు.’ ‘ఆయన ట్యాంకులో ఎందుకుంటాడు?’ దిగి, ఆయాసపడుతూ, కింది అంతస్తులో ఆయన గదికి చేరేసరికి పదకొండున్నర. టర్న్ అప్ అంటే రావడమేనట, నర్సమ్మ చెప్పింది. రా అనడానికి వాళ్లకు నోరు రాదా?

పొడుగు బల్ల. ఏడుగురు. ఆఫీసరమ్మ ఓ మూలన. నీ కాయితం అందరి ముందూ ఉంది. పెద్ద డాక్టరు సన్నగా, తెల్లటి కనుబొమలతో, మాటకు ముందు ఒకసారి గొంతు సవరించుకునే మనిషి. మన మాట ఒక్క ముక్క రాదు, ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ‘ముడి చూపించమంటున్నారు’ అంది నర్సమ్మ. రెండు దుప్పట్లు తెప్పించి బల్ల మీద వేశాం. ఆయన కళ్లు మూసుకుని మూల తడిమాడు. బొటనవేలికి ముడి తగలగానే ఆగిపోయాడు. తర్వాత రెండో దుప్పటి నడుమ కుట్టు మీద చెయ్యి రాశాడు, వెనక్కీ ముందుకీ. ఆఫీసరమ్మ కూడా లేచొచ్చి తడిమింది.

నేను ఊరుకుంటానా? నా వాదన మొత్తం మళ్లీ మొదట్నుంచి చెప్పాను, నువ్వు వదిలేసిన ఉతుకు మిషను ముక్కతో సహా. నర్సమ్మ ఆ ఒక్కచోట దగ్గింది.

వాళ్లలో వాళ్లు గుసగుసలాడుకున్నారు. పెద్ద డాక్టరు నిలబడ్డాడు. నావైపు తిరిగి, నెమ్మదిగా, నాకర్థమయ్యేలా అన్నాడు: ‘యు లుక్ ఆఫ్టర్ ది రూమ్.’

నర్సమ్మ నోరు తెరిచింది. ‘నువ్వు చెప్పక్కర్లేదు, నాకు తెలుసు’ అన్నాను. లుక్ అంటే చూడు. ఆఫ్టర్ అంటే తర్వాత. మందుల కవరు మీద ఆఫ్టర్ ఫుడ్ అని ఉంటుంది, తిన్న తర్వాత వేసుకోమని. అంటే ఏమన్నట్టు? గది సంగతి తర్వాత చూద్దాం! దుప్పటి తడిమి, కళ్లు మూసుకుని, ఇంత చేసి, తర్వాతట!

ఒళ్లు మండిపోయింది. ‘మీ తర్వాత తగలెయ్య! ముప్పయ్యొక్క ఏళ్లు నా కుట్టు మీద పడుకోబెట్టి ఇప్పుడు తర్వాతా? ఇవాళ మీరు చేసింది నేను చచ్చేదాకా మర్చిపోను, పెద్ద డాక్టరూ!’ అని, తలుపు దబీమని వేసి వచ్చేశాను. నేరుగా గదికెళ్లి నలుగురికీ చెప్పాను, ఇక రావద్దు, అయిపోయిందని. కాజాల పిల్ల వలవలా ఏడ్చింది. ‘నువ్వు తిడుతుంటేనే బాగుండేది పిన్నీ’ అంది.

ఇవాళ పనికి వెళ్లలేదు. గడియారాలాయన కూడా ఏమీ వాదించకుండా రాస్తున్నాడు.

అమ్మమ్మ

జూన్ 28

అమ్మమ్మా! అమ్మమ్మా!

ఇది ఎక్స్‌ప్రెస్ పోస్టులో వేస్తున్నాను. గడియారాలాయన గారూ, దయచేసి ఆవిడ చెప్పులు దాచి, కూర్చోబెట్టి, నెమ్మదిగా చదవండి.

లుక్ అంటే చూడు, నిజమే. ఆఫ్టర్ అంటే తర్వాత, అదీ నిజమే. లుక్ ఆఫ్టర్ అంటే మాత్రం ‘తర్వాత చూడు’ కాదు.

ఇన్నాళ్లూ నీకు ఇదంతా ఇంగ్లీషు వాళ్ల మాయలా చెబుతూ వచ్చాను. మన దగ్గరా ఉంది, నాకే ఇప్పటిదాకా తట్టలేదు. నువ్వు ‘చూడు’ అంటే ఒకటి. పక్కన చిన్న ‘కో’ అంటించి ‘చూసుకో’ అంటే ఇంకొకటి. ‘పిల్లను చూడు’ అంటే కళ్లతో చూస్తే చాలు. ‘పిల్లను చూసుకో’ అంటే వేళకు తిండి పెట్టాలి, జ్వరమొస్తే పక్కన కూర్చోవాలి, ఎక్కడికెళ్లినా వెనక్కి తెచ్చుకోవాలి. అమ్మ పనికి పోతూ నన్ను నీ చేతిలో పెట్టినప్పుడల్లా అన్న మాట అదే కదా.

లుక్ ఆఫ్టర్ అంటే చూసుకో.

గదిని నువ్వే చూసుకో అన్నాడు ఆయన. ఈసారి ‘ఎవరు’ అన్నది కూడా నేను కలిపింది కాదు, ఆయన ముందే అన్నాడు: ‘యు’. నువ్వు. కుట్టు గది ఉంటుంది. నువ్వు దానికి పెద్దవి.

వెంటనే వెళ్లు. నలుగురినీ వెనక్కి పిలు. పెద్ద డాక్టరుకు సారీ చెప్పు. నువ్వు ఎవరికీ సారీ చెప్పవని తెలుసు. ఈ ఒక్కసారికి చెప్పు, నాకోసం.

గంతులేస్తూ,
నీ మనవరాలు

జూలై 2

మనవరాలా,

నీ ఉత్తరం మొన్న అందింది. గడియారాలాయన ‘చూసుకో’ దగ్గరికి వచ్చి ఆగాడు. అద్దాలు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

తర్వాత చెప్పులు వెతుక్కున్నాను. నిజంగానే దాచాడు!

నలుగురి ఇళ్లకూ తిరిగి చెప్పాను. కాజాల పిల్ల మళ్లీ ఏడ్చింది, దానికి ఏడవడానికి కారణం అక్కర్లేదు. ఉతుకు ఒక్కటే కంపెనీకి పోతుందట, కుట్టు మనదేనట. ఇదంతా నర్సమ్మ ఆ రోజే చెప్పబోయిందట. ఎవరు విన్నారు?

నిన్న ఒకటో తారీకు. పొద్దున్నే పెద్ద డాక్టరు గదికి బయల్దేరాను. దారి పొడుగునా ‘సారీ, సారీ’ అని అనుకుంటూనే ఉన్నాను, అలవాటు లేని మాట కదా, జారిపోతుందేమోనని. నర్సమ్మను వెంటబెట్టుకున్నాను. తలుపు తీయగానే ఆయన కుర్చీలోంచి లేచి ఎదురొచ్చి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. పోలీసులను పిలుస్తాడనుకున్నాను. ఏదేదో చెబుతున్నాడు, గొంతు సవరించుకుంటున్నాడు, మళ్లీ చెబుతున్నాడు.

‘ఏమంటున్నాడే?’ అన్నాను.

‘ఇన్నేళ్ల ఉద్యోగంలో తనకు ఎవరూ అలా కృతజ్ఞత చెప్పలేదంటున్నారు పిన్నీ. ఇంటికెళ్లి వాళ్లావిడకు కూడా చెప్పారట.’

‘కృతజ్ఞతేంటే? తిట్టాను కదా!’

నర్సమ్మ తల వంచుకుంది. ‘నువ్వు తలుపేసి వెళ్లిపోయాక ఏమందని అడిగారు. ఆఫీసరమ్మకు అర్థమైంది గానీ కిటికీ వైపు తిరిగింది. తగలెయ్యడాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు తెలీలేదు పిన్నీ. ఆఖరి మాట ఒక్కటే వచ్చింది, అదే చెప్పాను. ఇవాళ మీరు చేసింది నేను చచ్చేదాకా మర్చిపోను, అని.’

ఉన్నదున్నట్టే చెప్పింది, ఏమనగలను? ఆయన కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. అలాంటి మనిషికి ఎదురుగా నిలబడి ఆ మాట వెనక్కి తీసుకోవడం మర్యాద కాదు.

అందుకని నీ సారీ చెప్పలేదు. కొత్తది కొత్తగానే ఇంటికి తెచ్చుకున్నాను.

పని ఉంది, ఉంటాను.

కుట్టు గదిని చూసుకునే
మీ అమ్మమ్మ